మైనస్ 20లో నిలబడేవారికి ఏ జాకెట్టు?



రోహిణీ కార్తెలో, ఒంటి మీద బనీను కూడా బరువనిపించే ఎండల్లో, భీమవరం, కాకినాడ, విశాఖపట్నం, నెల్లూరు పరిసరాల్లో కొంతమంది దళసరి కోటు తొడుక్కుని, మంకీ క్యాపు చెవుల మీదికి లాక్కుని డ్యూటీ ఎక్కుతారు. రొయ్యల ఫ్యాక్టరీల ఫ్రీజర్ గదుల్లో పనిచేసేవాళ్లు వీళ్లు. రొయ్యల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఒకసారి గడ్డకట్టిన రొయ్య ఓడ ఎక్కి, విదేశంలో దిగేదాకా మైనస్ 18 డిగ్రీలకు పైకి రాకూడదు. అందుకని నిలవ గదుల్ని ఇంకాస్త కిందనే, మైనస్ 20 దగ్గర ఉంచుతారు. సరుకును గడ్డకట్టించే బ్లాస్ట్ ఫ్రీజరయితే మైనస్ 35, మైనస్ 40 దాకా దిగుతుంది. ఆ చలి సరుకు కోసం. మనిషి అందులోకి వెళ్లేది సరుకు పెట్టడానికి, లెక్క చూడటానికి, తీయడానికి, యంత్రం మొరాయిస్తే బాగుచేయడానికి.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఇంత చలి ఉండదు, అక్కడ సున్నాకు పైనే. హైదరాబాదు చుట్టూ ఉన్న టీకాల కంపెనీల్లో చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటాయి. నోటి చుక్కల పోలియో మందుకు మాత్రం మైనస్ 20 కావాలి. మొత్తం మీద చలిలో పని అనగానే లదాఖ్, సియాచిన్ అనుకోనక్కర్లేదు. మన ఊరి పక్కనే, ప్లాస్టిక్ కర్టెన్ అవతల ఉంది.

ఈ మధ్య ఆ గదుల్లో పనిచేసేవాళ్లు, వాళ్ల సూపర్‌వైజర్లు బ్యాటరీతో వేడెక్కే జాకెట్ల గురించి అడుగుతున్నారు. ఫోన్‌లో బొమ్మలు చూస్తారు. తొమ్మిది చోట్ల వేడి, పదకొండు చోట్ల వేడి, పది గంటల బ్యాటరీ అని రాసి ఉంటుంది. కొనాలా, వద్దా, కొంటే ఏది కొనాలి అని ప్రశ్న. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. జాకెట్టును చూసి జాకెట్టు కొనకూడదు. ఆ గదిలో మనిషి చేసే పనిని చూసి కొనాలి.

ముందు ఆ జాకెట్టు లోపల ఏముందో చెబుతాను. పై గుడ్డకూ లోపలి అస్తరుకూ మధ్య, వీపు మీద, ఛాతీకి రెండు పక్కలా, కొన్నిటిలో మెడ వెనక, పలచని పట్టీలు కుట్టి ఉంటాయి. వాటిలో కార్బన్ ఫైబర్ తీగలు ఉంటాయి. కరెంటు పారితే అవి వేడెక్కుతాయి. జేబులో ఒక బ్యాటరీ, ఛాతీ మీద ఒక బటన్. బటన్ నొక్కిన కొద్దీ ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని వేడి మారుతుంది, దాని దీపం రంగు కూడా మారుతుంది. ఇంతకు మించి అందులో మర్మమేమీ లేదు.

ఇప్పుడు ఒక లెక్క. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు సుమారు 100 వాట్ల వేడిని పుట్టిస్తుంది. బరువులు మోసే మనిషి ఒళ్లు 300, 400 వాట్లు, ఒక్కోసారి అంతకు మించి. జాకెట్టు ఇచ్చేది ఎంత? యూఎస్‌బీ తీగతో పవర్ బ్యాంకుకు తగిలించే రకమైతే 10 వాట్లు. గట్టి బ్యాటరీ ఉన్న ఖరీదైన రకమైతే అంతకు ఎక్కువ. అంటే ఊరికే కూర్చున్న మనిషి ఒంటి వేడితో పోలిస్తే యూఎస్‌బీ రకం ఇచ్చేది పదో వంతు. చలి నుంచి మనిషిని కాపాడేది ఆ పదో వంతు కాదండి, ఒళ్లు పుట్టించిన వేడిని బయటికి పోనివ్వని బట్ట. పలచని జాకెట్టులో ఎన్ని పట్టీలు పెట్టినా, తలుపులు బార్లా తీసిన ఇంట్లో కుంపటి వెలిగించినట్టే. అందుకే వేడి జాకెట్టు కొనే ముందు ఇప్పుడున్న ఫ్రీజర్ కోటు సంగతి చూసుకోవాలి. ఐరోపా ప్రమాణాల్లో మైనస్ 5కు దిగువ చలికి వాడే దుస్తులకు ఈఎన్ 342 అని ఒకటుంది. ఆ గుర్తు ఉన్న కోటు మీద, అది వేడిని ఎంత పట్టి ఉంచుతుందో, గాలిని ఎంత ఆపుతుందో విడివిడిగా అంకెలు ఉంటాయి. గాలి ఆపే విషయంలో 3 అన్న అంకె ఉంటే మేలు రకం.

గాలి సంగతి ఎందుకంటే, ఫ్రీజర్ గదిలో పైన ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అమెరికన్లు అంటార్కిటికాలో, గాలి వేగాన్ని బట్టి నీళ్లు ఎంతసేపట్లో గడ్డకడతాయో కొలిచి 1945లో ప్రచురించారు. గాలి చలికి లెక్క అక్కడ మొదలైంది. 2001లో అమెరికా, కెనడా దాన్ని సరిదిద్ది కొత్త పట్టిక తెచ్చాయి. దాని ప్రకారం మైనస్ 20 డిగ్రీల్లో గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే, బయటికి కనిపించే చర్మానికి అది మైనస్ 30 లాగా తగులుతుంది. గోడకున్న థర్మామీటరు ఈ సంగతి చెప్పదు.

పదో వంతే అయినప్పుడు ఆ బ్యాటరీ వేడి దేనికి మరి? చలిలో పనిచేసేవాళ్ల మొదటి ఫిర్యాదు వేళ్లు. కొంకర్లు పోతాయి. పెట్టె మీద స్టిక్కరు అంటించలేరు, స్కానరు మీట నొక్కలేరు, నట్టు బిగించలేరు. ఒంటి నడిమి భాగం చల్లబడుతోందని తెలియగానే శరీరం గుండెను, ఊపిరితిత్తులను కాపాడుకోవడానికి చేతులకూ కాళ్లకూ పోయే రక్తాన్ని తగ్గించేస్తుంది. ఎంత మందం గ్లౌజు వేసినా లోపలికి వేడి రక్తం రాకపోతే ఆ గ్లౌజు ఏం చేస్తుంది? ఛాతీని, వీపును వెచ్చగా ఉంచితే శరీరం ఆ బిగింపును కొంత సడలిస్తుంది. వేళ్లలోకి రక్తం తిరిగి వస్తుంది. వీపు మీద పెట్టిన పది వాట్లకు ఫలితం వేలి కొసల్లో కనిపిస్తుంది. ఈ జాకెట్టు మీద నాకు గౌరవం కలిగింది ఇందుకే.

అయితే ఈ మేలు అందరికీ ఒకేలా అందదు. హమాలీ పని చూడండి. ఇరవై కిలోల పెట్టెలు ఎత్తి పాలెట్ మీద పేరుస్తాడు. పది నిమిషాల్లో లోపల చెమట పడుతుంది. అతనికి బ్యాటరీ వేడి ఇస్తే ఇంకా చెమట పడుతుంది. చలి గదిలో అసలు శత్రువు చెమటే. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. నూలు బనీను తడిసి ఒంటికి అతుక్కుందంటే, పని ఆపి నిలబడిన మరుక్షణం నుంచి వణుకు మొదలవుతుంది. హమాలీకి కావలసింది చెమటను ఒంటి నుంచి లాగి ఆరిపోయే పాలియెస్టర్ లోపలి చొక్కా, దాని మీద ముందువైపు జిప్పు తెరుచుకునే వీలున్న కోటు, మధ్యలో మార్చుకోవడానికి పొడి చొక్కా. ఆ రెండో చొక్కా బ్యాటరీ జాకెట్టు కంటే చాలా చవక, అతనికి చాలా ఎక్కువ ఉపయోగం.

అదే గదిలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషిని చూడండి. అతను కూర్చునే ఉంటాడు. కదిలేది చేతులు, మెడ. పైగా బండి కదిలినప్పుడల్లా గాలి మొహానికి కొడుతుంది. ఒళ్లు 100 వాట్లకు కొంచెం పైన పుట్టిస్తుంది, గది దాన్ని పీల్చేస్తుంది. లెక్కలు చూసే గుమాస్తాదీ అదే పరిస్థితి, ఒక వరుస ముందు నిలబడి పెట్టెల నంబర్లు సరిచూసుకోవాలి. అందరికంటే కష్టం రిఫ్రిజరేషన్ మెకానిక్కుది. కాయిల్ మీద మంచు పేరుకుపోయి ఫ్యాను ఆగిపోతే నిచ్చెన ఎక్కి, సన్నటి స్క్రూల కోసం గ్లౌజు తీసి, చేతులు పైకెత్తి అరగంట నిలబడి పనిచేస్తాడు. ఈ ముగ్గురికీ వేడి జాకెట్టు నిజంగా అవసరం. ఒక ఫ్యాక్టరీలో పదిమందికి కొనగలిగే డబ్బు లేకపోతే వీళ్లకు ముందు కొనమంటాను.

రొయ్యలు ఒలిచే హాలులో ఆడవాళ్ల సంగతి వేరు. అక్కడ గది మరీ చల్లగా ఉండదు, కానీ చేతులు రోజంతా ఐసు నీళ్లలో ఉంటాయి. ముందు ఏప్రాన్, కింద తడి నేల. అక్కడికి బ్యాటరీ, తీగలు వద్దు. వాళ్లకు చేతికి సరిపోయే మంచి గ్లౌజులు, లోపల పొడిగా ఉండే పలచని అస్తరు గ్లౌజులు, నీళ్లు లోపలికి రాని బూట్లు, చేతులు కాచుకోవడానికి విరామం ఇవ్వాలి. జాకెట్టు కొని పెట్టామని చెప్పి ఇవి ఎగ్గొట్టడం అన్యాయం.

సరే, జాకెట్టు అవసరమైన మనిషి అని తేలింది. ఏది ఎంచుకోవాలి?

పూర్తి కోటు కంటే చేతుల్లేని రకం, వెస్ట్ అంటారు, అది మేలని నా అభిప్రాయం. ఫ్రీజర్ కోటు పైన తడుస్తుంది, మురికి అవుతుంది, చాలాచోట్ల ఒకే కోటును షిఫ్టుకో మనిషి వేసుకుంటారు. వెస్ట్ ఎవరిది వాళ్లకే ఉంటుంది. పైన ఉన్న మందపాటి కోటు దాని వేడిని బయటికి పోనివ్వదు. చేతులు ఆడించడానికి అడ్డం ఉండదు. వేడి పట్టీలు ఒంటికి దగ్గరగా ఉండాలి, కాబట్టి వదులుగా వేలాడే సైజు కొనకూడదు. లోపల పలచని ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, దాని మీద ఒంటికి పట్టినట్టు ఉండాలి. ఎత్తుకు తగ్గ పొడవు ఉందా, వంగినప్పుడు నడుము బయటపడుతుందా చూసుకోవాలి. సాగే పక్క పట్టీలు ఉన్నవి దొరుకుతాయి. వాటిని ఎంచుకోండి.

ఎన్ని చోట్ల వేడి అన్న ప్రకటన దగ్గర చాలామంది మోసపోతారు. మామూలు యూఎస్‌బీ రకంలో తీగ ఇచ్చేది 5 వోల్టులు, 2 ఆంపియర్లు. గుణిస్తే 10 వాట్లు. మూడు చోట్ల పంచితే ఒక్కో చోటికి 3 వాట్ల పైన వస్తుంది. పదకొండు చోట్ల పంచితే ఒక్కో చోటికి ఒక వాటు కూడా రాదు. పట్టీ ఉందని తెలుస్తుంది గానీ వెచ్చదనం తెలియదు. అందుకని అమ్మేవాడిని ఎన్ని చోట్ల అని అడక్కండి, మొత్తం ఎన్ని వాట్లు అని అడగండి. వీపు మీద పెద్ద పట్టీ ఒకటి, ఛాతీ మీద రెండు, వీలైతే మెడ దగ్గర ఒకటి, ఇవి చాలు. మెడ దగ్గరి పట్టీని విడిగా ఆపుకునే బటన్ ఉంటే ఇంకా మంచిది.

తీగల గురించి ఒక పాత సంగతి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్ విమానాల్లో సైనికులు ఇరవై అయిదు వేల అడుగుల పైన, మైనస్ 40, మైనస్ 50 డిగ్రీల చలిలో, తెరిచిన కిటికీల దగ్గర తుపాకులు పట్టుకుని నిలబడేవారు. వాళ్లకు కరెంటుతో వేడెక్కే దుస్తులు ఇచ్చారు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ తయారుచేసిన తొలి రకాల్లో ఒకటి నీలం రంగులో ఉండేది. అందులో తీగలన్నీ ఒకే వరుసలో కలిపి ఉండటంతో, వంగినప్పుడో మడతపడినప్పుడో ఒక్కచోట తీగ తెగితే దుస్తులు మొత్తం చల్లబడిపోయేవి. ఆకాశంలో అలా జరిగితే వేళ్లు పోగొట్టుకోవడమే. తరువాతి రకాల్లో తీగల్ని విడివిడి దారుల్లో కలిపి ఆ లోపం సవరించారు. ఇప్పటి జాకెట్లలోనూ తీగ తెగడమే ముఖ్యమైన జబ్బు. కొన్న రోజే అన్ని పట్టీలూ వేడెక్కుతున్నాయో లేదో చెయ్యి పెట్టి చూడండి. మోచేతులు, భుజాలు కదిలే చోట్ల తీగ ఎక్కువ ఉన్న నమూనా తీసుకోకండి. తొందరగా పాడయ్యేది అక్కడే.

ఇక బ్యాటరీ. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. పవర్ బ్యాంకు మీద 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ అని ఉంటుంది. లోపలి సెల్లు 3.7 వోల్టులది. గుణిస్తే 37 వాట్ అవర్లు. దాన్ని 5 వోల్టులకు మార్చడంలో కొంత పోతుంది, చేతికి వచ్చేది ముప్ఫై పైచిలుకు. 10 వాట్ల జాకెట్టును గరిష్ఠంగా పెడితే మూడు గంటలు. పది గంటలని ప్రకటనలో రాసింది అతి తక్కువ వేడిలో పెట్టినప్పటి మాట. చలిలో లిథియం బ్యాటరీ సామర్థ్యం కూడా తగ్గుతుంది. మైనస్ 20లో బయట వేలాడదీస్తే చాలా ముందుగానే ఆగిపోతుంది. అందుకే బ్యాటరీ జేబు పై గుడ్డ మీద కాకుండా లోపలివైపు, ఒంటి వెచ్చదనం తగిలే చోట ఉండాలి.

ఎనిమిది గంటల షిఫ్టు ఉన్నా మనిషి ఎనిమిది గంటలూ ఫ్రీజర్‌లో ఉండడు. లోపల కొంతసేపు, బయట కొంతసేపు. లోపల ఉండే గంటలు మాత్రమే లెక్కేసుకోండి. బయటికి రాగానే బటన్ ఆపేయడం అలవాటు చేసుకోండి. లోపలికి వెళ్లేముందు ఐదు నిమిషాలు ఎక్కువలో పెట్టి, వెళ్లాక మధ్యస్థానికి దించుకుంటే మూడు గంటల బ్యాటరీ అయిదు గంటలకు పైగా వస్తుంది. ఒక పెద్ద బ్యాటరీ కంటే రెండు చిన్నవి మేలు. ఒకటి జేబులో, ఒకటి చార్జింగ్‌లో. బరువు తగ్గుతుంది, ఒకటి పాడైనా పని ఆగదు.

డ్రిల్లు, గ్రైండరు తయారుచేసే కంపెనీలు కూడా తమ పనిముట్ల బ్యాటరీతోనే నడిచే జాకెట్లు చేస్తున్నాయి. మిల్వాకీ, డీవాల్ట్, మకీటా, బాష్ లాంటివి. మెకానిక్కు దగ్గర అప్పటికే ఆ బ్యాటరీలు, చార్జరు ఉంటే ఇది మంచి దారి. గట్టివి, పడినా తట్టుకుంటాయి. కాకపోతే ఎత్తుగా ఉంటాయి. వీపు వెనక జేబులో పెట్టే నమూనా అయితే ఫోర్క్‌లిఫ్ట్ సీటులో కూర్చున్నప్పుడు నడుముకు గుచ్చుకుంటుంది. పక్క జేబో ముందు జేబో ఉండాలి. ఒకసారి ఒక కంపెనీ బ్యాటరీకి అలవాటు పడితే దానికే కట్టుబడాలన్నది కూడా గుర్తుంచుకోండి.

మామూలు పవర్ బ్యాంకు అయితే, మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. అది లేనిదాన్ని గుండెకు పక్కన జేబులో పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. కొన్ని పవర్ బ్యాంకులు తక్కువ కరెంటు లాగితే తమంతట తామే ఆగిపోతాయి. జాకెట్టును తక్కువ వేడిలో పెట్టగానే ఆరిపోతే లోపం జాకెట్టుది కాకపోవచ్చు, బ్యాటరీ మార్చి చూడండి. ఇంకో ముఖ్యమైన సంగతి, సున్నాకు దిగువ చలిలో లిథియం బ్యాటరీని ఎప్పుడూ చార్జింగ్ పెట్టకూడదు. లోపల లోహపు పొర పేరుకుని శాశ్వతంగా పాడవుతుంది, ప్రమాదం కూడా. ఫ్రీజర్ నుంచి తెచ్చిన బ్యాటరీని గది వేడికి వచ్చేదాకా ఆగి అప్పుడు చార్జరుకు తగిలించండి. ఉబ్బిన బ్యాటరీని వాడవద్దు.

ఇక్కడ కోస్తా వాతావరణం ఒక చిక్కు తెస్తుంది. విశాఖలోనో కాకినాడలోనో మైనస్ 20 గది నుంచి 38 డిగ్రీల ఉక్కలోకి అడుగుపెట్టగానే కోటు మీద, బ్యాటరీ మీద, ప్లగ్గుల మీద నీటి బొట్లు పడతాయి. మళ్లీ లోపలికి వెళ్తే అవే మంచు అవుతాయి. వేడి ఊరికీ చలి గదికీ మధ్య ఉన్న ఈ బాధ, ఆ జాకెట్లు తయారుచేసే చోట ఎవరికీ తట్టదు. బయటికి వచ్చినప్పుడు బ్యాటరీ జేబు జిప్పు వేసే ఉంచండి. కోటు, వెస్ట్ వేలాడదీయడానికి ఫ్రీజర్‌కూ బయటి హాలుకూ మధ్య చల్లగా, పొడిగా ఉండే చిన్న గది ఉంటే ఇది సగం తీరుతుంది. ఇటువంటి గది లేని చోట ముందు అది కట్టించమని యాజమాన్యాన్ని అడగాలి. వెస్ట్ లోపల ఈకలు నింపిన రకం తడిస్తే ముద్దయిపోతుంది. మన దగ్గర పాలియెస్టర్ నింపినదే తీసుకోవాలి.

బటన్ పెద్దదిగా, గ్లౌజు వేసుకుని నొక్కగలిగేలా ఉండాలి. దుకాణంలో ఫ్రీజర్ గ్లౌజులు వేసుకుని నొక్కి చూడండి. ఎవరూ చేయని పని ఇది, చేసి చూస్తే సగం జాకెట్లు అక్కడే పరీక్ష తప్పుతాయి. దీపం మరీ మెరిసేది అక్కర్లేదు. ఫోర్క్‌లిఫ్టులు తిరిగే చోట పై కోటుకు మెరిసే పట్టీలు ఉండాలి, వెస్ట్‌కు ఉన్నా ఎలాగూ కనిపించవు.

ఒంటికి జాగ్రత్తలు చెప్పాలి. 44 డిగ్రీల వేడి చేతికి తగిలితే హాయిగానే అనిపిస్తుంది. అదే వేడి ఒకే చోట ఆరు గంటలు అంటుకుని ఉంటే చర్మం కాలుతుందని 1947లోనే అమెరికా పరిశోధకులు మోరిట్జ్, హెన్రికెస్ చూపించారు. జాకెట్టు పట్టీ గరిష్ఠంలో దానికంటే వేడెక్కగలదు. కాబట్టి బనీను లేకుండా నేరుగా ఒంటికి వేసుకోకూడదు, వేసుకుని పడుకోకూడదు. మధుమేహం వల్ల తిమ్మిర్లు ఉన్నవాళ్లకు కాలుతున్నది తెలియదు, వాళ్లు తక్కువ వేడిలోనే వాడాలి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే డాక్టరును అడిగిన తరువాతే.

మన కోల్డ్ స్టోరేజీల్లో చాలావరకు అమోనియాతో చల్లబరుస్తారు. అమోనియా గాలిలో 15 నుంచి 28 శాతం వరకు కలిస్తే మండగలదు. అంత గాఢతకు చాలా ముందే ఘాటు వాసనకు మనిషి పారిపోతాడు, అది నిజమే. అయినా మెషిన్ రూములో లీకు వెతకడానికి, వాల్వు కట్టడానికి వెళ్లేవాళ్లు బ్యాటరీ జాకెట్టు తీసేసి వెళ్లాలి. మంటలు పుట్టే వాయువులున్న చోట వాడటానికి ఈ మామూలు జాకెట్లకు ధ్రువీకరణ ఉండదు. పెట్రోలు ట్యాంకుల దగ్గర, గ్యాసు దగ్గర కూడా ఇదే నియమం.

ఉతకడం పెద్ద కష్టం కాదు. బ్యాటరీ తీసి, ప్లగ్గు మూత బిగించి, వల సంచిలో వేసి మెల్లని వేగంలో తిప్పండి, లేదా చేత్తో ఉతకండి. పిండకూడదు, ఇస్త్రీ పెట్టకూడదు, డ్రై క్లీనింగుకు ఇవ్వకూడదు. నీడలో ఆరేయండి.

డబ్బు ఎవరు పెట్టాలి? చలి గది ఫ్యాక్టరీది. లోపలికి పంపుతున్నది ఫ్యాక్టరీ. రొయ్యకు డిగ్రీ తేడా రాకుండా లక్షలు పెట్టి యంత్రాలు నడుపుతున్నప్పుడు, అందులో నిలబడే మనిషి వెచ్చదనాన్ని అతని జీతంలోంచి కోసుకోవడం నాకు సమ్మతం కాదు. కాంట్రాక్టు మనిషైనా, పర్మినెంటు మనిషైనా చలి ఒక్కటే. కోటు, వెస్ట్, రెండు బ్యాటరీలు, గ్లౌజులు కంపెనీ ఇవ్వాలి. సంఘాలు బేరమాడేటప్పుడు అలవెన్సుతో పాటు ఈ వస్తువుల పేర్లు కూడా కాగితం మీద రాయించుకోవాలి.

ఇంట్లోవాళ్లు కాల్గరీలోనో మినియాపొలిస్‌లోనో ఉన్న శ్రోతలు కొందరు ఉంటారు. పిల్లలు గోదాముల్లో, డెలివరీ పనుల్లో, మంచు ఊడ్చే పనుల్లో ఉంటే ఇదే లెక్క వాళ్లకూ వర్తిస్తుంది. అక్కడ బయట గాలి ఎక్కువ కాబట్టి వెస్ట్ మీద గాలి చొరని పై కోటు తప్పనిసరి. బస్‌స్టాపులో నిలబడి ఎదురుచూసేవాళ్లకు ఈ జాకెట్టు ఎంత ఊరటో చెప్పలేను. ఇక్కడ కొని పంపే పనైతే బ్యాటరీ విషయంలో జాగ్రత్త. విమానంలో విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెకిన్ పెట్టెలో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల వరకు అనుమతి అక్కర్లేదు, అంతకు పైన 160 వరకు విమాన సంస్థను ముందే అడగాలి. మనం చెప్పుకున్న 10,000 రకం 37 కాబట్టి ఇబ్బంది లేదు. జాకెట్టును పెట్టెలో వేసి బ్యాటరీని మరిచిపోయి దాని జేబులోనే ఉంచేయకండి.

కొనే అధికారం ఉన్న మేనేజర్లకు, సూపర్‌వైజర్లకు ఒక మాట. ఒకేసారి యాభై కొనకండి. రెండు నమూనాలు తెప్పించి, ఒకటి ఫోర్క్‌లిఫ్ట్ మనిషికి, ఒకటి మెకానిక్కుకు ఇవ్వండి. ఒక వారం వాడనివ్వండి, రెండో వారం మార్చి ఇవ్వండి. రాత్రి షిఫ్టు తప్పకుండా ఉండాలి. వాళ్లను నాలుగు అడగండి: వేళ్లు ఎంతసేపటికి కొంకర్లు పోయాయి, బ్యాటరీ ఎప్పుడు ఆగింది, ఎక్కడ గుచ్చుకుంది, లోపల చెమట పట్టిందా. వాళ్లు చెప్పింది కాగితం మీద రాసుకుని, ఆ కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్లండి.